నాలుక కింద కొలత

తునిలో గంజాయి మాటెత్తితే పోలీసు తనిఖీలే గుర్తొస్తాయి. మన్యంలో పండిన సరుకు నర్సీపట్నం దాటొచ్చి ఇక్కడ రైలో లారీయో పట్టుకోవాలని చూస్తుంది. అదే మొక్కను ఇంగ్లండులో మందుగా మలిచారు. మెదడు కేన్సర్ రోగులకు ఇచ్చి చూడ్డానికి అక్కడి వైద్యులు తీసుకున్నది శాటివెక్స్ అనే నోటి స్ప్రే. దాని పనితనం ముచ్చటేస్తుంది.

మన మామిడి రైతు టెంక నమ్ముకోడు, అంటు కడతాడు. ప్రతి చెట్టుకూ అదే కాయ రావాలిగా. ఈ మందు మొక్కల్నీ గాజు ఇళ్లలో కొమ్మ ముక్కల నుంచే పెంచుతారు. ఒక రకం మత్తెక్కించే టీహెచ్‌సీ అనే రసాయనానికి, ఇంకో రకం మత్తెక్కించని సీబీడీకి. ద్రవ రూపంలోని కార్బన్ డయాక్సైడ్‌తో రెండింటి సారాన్నీ విడివిడిగా లాగి కలుపుతారు. ఒక్కో స్ప్రేలో మొదటిది 2.7 మిల్లీగ్రాములు, రెండోది 2.5. ఇంచుమించు తుని తగవే! ఇవి నీళ్లలో కరగవు కనుక ఆల్కహాలు, ప్రొపిలీన్ గ్లైకాల్ వాడారు. రుచి కోసం పెప్పర్‌మింట్ నూనె వేశారు.

శాటివెక్స్ కన్నా ముందే, 1985లో కీమో వాంతులకని అమెరికా అనుమతించిన డ్రోనాబినాల్ గుళికలో ఉన్నది నువ్వుల నూనెలో కరిగించిన టీహెచ్‌సీ. మింగితే అందులో చాలా భాగం కాలేయంలోనే ఖర్చయిపోయి, 10 నుంచి 20 శాతమే రక్తానికి అందుతుంది. పైగా వాంతులతో ఉన్న మనిషి గుళిక మింగడమెలా? స్ప్రే అయితే నాలుక కిందో బుగ్గ లోపలో కొట్టుకోవచ్చు. నోరు పుండు పడకుండా చోటు మారుస్తుండాలి. మొదట సాయంత్రం ఒక్కటి. రెండు వారాల్లో మెల్లగా పెంచుతారు. ఒకదానికీ మరొకదానికీ కనీసం 15 నిమిషాలు ఎడం, రోజుకు 12 దాటకూడదు. ఎవరి మోతాదు వారి ఒంటిని బట్టి కుదురుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. బీడీలో దట్టించిన గంజాయికి ఇలాంటి లెక్కేదీ ఉండదు, పైగా అందులోని బూజు కీమోతో రోగనిరోధక శక్తి తగ్గినవారి ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఇక మెదడు కేన్సర్ పరీక్ష సంగతి. తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కేన్సర్ రోగులు 21 మందికి టెమొజొలొమైడ్ అనే కీమో మందు ఇస్తూ, కొందరికి ఈ స్ప్రే, మిగతావారికి ఉత్తుత్తి స్ప్రే ఇచ్చారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాదికి మొదటివారిలో 83 శాతం, రెండోవారిలో 44 శాతం బతికున్నారు. ఇంత చిన్న గుంపును చూసి కేన్సర్‌కు మందు దొరికిందనడం తొందరపాటు. అందుకే లీడ్స్ వైద్యురాలు సూసన్ షార్ట్ నడిపిస్తున్న అరిస్టోక్రాట్ అనే పెద్ద పరీక్ష మొదలైంది.

ఇక మన దేశానికొస్తే, మన చట్టం లెక్కలో గంజాయంటే పూత, కాయ ఉన్న కొనలు. ఉత్త ఆకు అందులోకి రాదు. ఆయుర్వేదంలో విజయ పేరుతో వాడేది ఆ ఆకునే. అలాంటిదేదైనా వాడుతున్న తుని రోగి, అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ మందును కూడా డాక్టరుకు చూపించాలి. ఫిట్స్‌కు క్లోబజామ్ వేసుకుంటుంటే, గంజాయి మొక్కలోని సీబీడీ దాని మత్తును పెంచుతుంది.