చీకట్లో పట్టుకున్న చెయ్యి

మా అమ్మమ్మ లెక్కలో దయ్యాలకు ఇళ్లుండవు. చింతచెట్టు కొమ్మ, ఊరవతల దిగుడుబావి, శ్మశానం మలుపు. వాటి కాపురాలన్నీ అక్కడే. పొద్దుపోయాక అటు వెళ్లొచ్చినవాడికి గాలి సోకుతుంది. వాణ్ణి గడప ఇవతలికి లాగి, దిష్టి తీసి, ఇంత విభూది రాసి తలుపేసుకుంటే సగం జబ్బు కుదిరినట్టే. "ఇంట్లోకొచ్చేశావుగా, ఇంకేం భయంరా" అనేది. ఇల్లంటే భయం వచ్చి ఆగిపోయే చోటని నేనూ అనుకుంటూనే పెరిగాను.

మసాచుసెట్స్‌లో ఓ పాత చెక్క ఇంట్లో అద్దెకు దిగిన మొదటి అక్టోబరులో ఆ ధీమా చెదిరింది. వేసవంతా తేమ తాగి ఉబ్బిన కట్టె, హీటింగ్ మొదలయ్యేసరికి ఎండి ముడుచుకుంటూ కిర్రుమంటుంది. ఆవిరి ఎక్కిన గొట్టాలు ఎవరో సుత్తితో కొట్టినట్టు ఠంగుమంటాయి. ఇదంతా ఇంటివాళ్లు ముందే చెప్పారు, నాకూ అర్థమైంది. కానీ రాత్రి పదకొండింటికి మేడమెట్టు తనంతట తను చప్పుడు చేస్తే, చెప్పిన కారణం ఎవరికి గుర్తొస్తుంది? నేల కింద సెల్లారు, నెత్తిన అటక, మధ్యలో నేను. ఆ ఇంట్లో నేను మసలే చోటు కంటే మసలని చోటే ఎక్కువ. కిటికీ బయట మేపుల్ చెట్టు ఒక్కో ఎర్రాకూ వదిలేస్తుంటే, అక్కడ కూర్చుని షిర్లీ జాక్సన్ రాసిన ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ తెరిచాను.

అప్పట్నుంచి ఏటా ఆకు రాలే కాలంలో ఆమెవి రెండు నవలలు మళ్లీ చదవడం అలవాటైంది. 1959లో వచ్చిన ‘హిల్ హౌస్’ ఒకటి, 1962 నాటి ‘వియ్ హావ్ ఆల్వేజ్ లివ్డ్ ఇన్ ద కాసిల్’ రెండోది. మూడోసారి చదివేటప్పుడు గానీ గమనించలేదు, ఈ రెంటిలో ఏదీ శరదృతువులో మొదలయ్యే కథ కాదు. హిల్ హౌస్‌లోకి మనుషులు జూన్‌లో దిగుతారు, చుట్టూ పచ్చటి కొండలు. రెండో కథ ఏప్రిల్ చివర ఒక శుక్రవారం మొదలవుతుంది. అక్టోబరు పుస్తకంలో లేదు, చదివేవాడి దగ్గరుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగి, సాయంత్రం అయిదు కాకుండానే దీపం పెట్టిస్తాయి చూడండి, ఆ చీకటిని మనమే పుస్తకంలోకి మోసుకెళ్తాం.

మనకీ అదే శరత్తు. కాకపోతే మన కావ్యాల్లో శరత్తంటే వెన్నెల, కలువలు, తేరుకున్న ఏటినీళ్లు. భయానికి అందులో తావెక్కడ? అయినా, నన్నయ రాసిన చివరి పద్యం శరద్రాత్రుల వర్ణనే అని పెద్దలు చెప్పే మాట గుర్తొచ్చినప్పుడు నాకు ఆ వెన్నెల కొంచెం చల్లగా తగులుతుంది. అంత తెల్లటి రాత్రి దగ్గరే గంటం ఆగిపోయింది. శరత్తుకు కాస్త ముందు మహాలయ పక్షం, పోయినవాళ్లు గుమ్మం దాకా వస్తారని వండి పెట్టే రోజులు. అక్కడి హాలోవీన్ రాత్రి వెనకా పోయినవాళ్లు తిరిగొస్తారన్న పాత నమ్మకమే ఉంది. అక్కడివాళ్లు గుమ్మంలో కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయ పెడతారు. మనం బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తాం. రెంటి పనీ కాపలాయే.

భయానక రసానికి విభావాలు చెబుతూ భరతుడు అడవితోపాటు శూన్యగృహాన్నీ చేర్చాడు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, బీభత్సంలోంచి భయానకం పుడుతుందని. నెత్తురూ పేగులూ చూపించి కేకలు పెట్టించే సినిమాలన్నీ తెలియకుండానే ఆ సూత్రానికి లోబడ్డవి. జాక్సన్ దగ్గర ఆ వరస తిరగబడుతుంది. ఆమె ఇళ్లలో భయం ఆప్యాయతలోంచి పుడుతుంది. శూన్యగృహం అక్కడ మనిషిని తరమదు, రారమ్మంటుంది. ఇన్నేళ్లూ ఎక్కడున్నావే తల్లీ అని పలకరిస్తుంది. అలా పలకరించేవాళ్లు లేక మొహం వాచిపోయిన మనిషి ఆ గుమ్మంలోకి వచ్చిందా, ఇక కథ నడపడానికి దయ్యం అక్కర్లేదు.

ఆ మనిషి ఎలినార్. వయసు ముప్ఫై రెండు. పదకొండేళ్లు జబ్బు తల్లికి చాకిరీ చేసింది, తల్లి పోయాక అక్కా బావల పంచన చేరింది. దయ్యాల మీద పరిశోధన చేసే డాక్టర్ మాంటగ్యూ హిల్ హౌస్‌లో వేసవి గడపడానికి రమ్మని ఉత్తరం రాస్తాడు. ఇంట్లో కారుంది, అందులో ఆమెకూ సగం వాటా ఉంది, అడిగితే అక్క ఇవ్వనంటుంది. పొద్దున్నే చెప్పాపెట్టకుండా తీసుకుని బయల్దేరుతుంది. ఇక ఆ ప్రయాణం చూడాలి. దారిలో ఏ ఇల్లు కనిపిస్తే ఆ ఇంట్లో కాపురం పెట్టేస్తుంది, మనసులోనే. రెండు రాతి సింహాలున్న వాకిలి చూస్తే వాటిని రోజూ తుడుస్తున్నట్టు, గన్నేరు చెట్ల మధ్య ఖాళీ జాగా చూస్తే అక్కడో మాయాభవనం లేచినట్టు. మధ్యలో ఆగిన హోటల్లో ఒక పాప పాలు తాగనని మొరాయిస్తుంది. ఇంటి దగ్గర ఆమెకు అడుగున చుక్కలున్న కప్పుందట, పాలు తాగితే అందులోనే తాగుతుందట. ఎలినార్ మాట పైకి రాకుండా ఆ పాపను బతిమాలుతుంది, మొండికెయ్యమ్మా, వాళ్ల మాట వినకు అని.

ఇది అల్పవిషయంలా దాటిపోతుంది. అక్కడి నుంచి కొన్ని పేజీల తర్వాత, హిల్ హౌస్‌లో కొత్త స్నేహితురాలు థియొడోరా నీ ఇల్లెలా ఉంటుందని అడిగితే ఎలినార్ చెప్పే జవాబులో రాతి సింహాలొస్తాయి. చుక్కల కప్పూ వస్తుంది. లేని ఇంటిని, దారిలో ఏరుకొచ్చిన సామానుతో సర్దుకుంటోంది పిచ్చిపిల్ల. ఎక్కడా జాలిపడమని రచయిత్రి చెప్పదు. అబద్ధం ఎంత ముద్దుగా ఉందో మనమే చూస్తాం, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టవుతుంది. భయానకానికి పునాది ఇంత మెత్తగా వేసిన పుస్తకం నేనింకోటి చదవలేదు.

ఇంటి సంగతి వేరు. హ్యూ క్రెయిన్ అనే ఆయన ఎనభై ఏళ్ల కిందట కట్టించిన ఆ ఇంట్లో ఏ మూలా మూలమట్టానికి ఒప్పదు. ప్రతి గోడా, ప్రతి మెట్టూ వెంట్రుకవాసి తేడా. ఆ వెంట్రుకవాసులన్నీ కలిసి ఇల్లు మొత్తం ఓ పెద్ద వంకర. తలుపులకు అడ్డం పెట్టి వెళ్తారు, తిరిగొచ్చేసరికి మూసుకుని ఉంటాయి. వంటావిడ మిసెస్ డడ్లీ ఆరింటికి భోజనం బల్ల మీద పెట్టి, చీకటి పడకముందే వెళ్లిపోతుంది. రాత్రి మీరు అరిచినా వినేవాళ్లుండరని వచ్చిన ప్రతివాళ్లకూ పాఠం అప్పజెప్పినట్టు ఒకే గొంతుతో చెబుతుంది. అది వినగానే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వించి మన భుజాలు సడలించాక గానీ జాక్సన్ దీపం ఆర్పదు.

మొదటిసారి తలుపుల మీద చప్పుడైనప్పుడు ఎలినార్ సగం నిద్రలో ఉంది. తల్లి గోడ తడుతోందనుకుని పలుకుతూ లేస్తుంది. పదకొండేళ్ల అలవాటు మరి. తల్లి పోయి అప్పటికి కొద్ది నెలలు. ఆ పోయిన రాత్రి కూడా గోడ తట్టిన చప్పుడైందనీ, తనకు మెలకువ రాలేదో, వచ్చీ మళ్లీ పడుకుందో తనకే తెలియదనీ తర్వాతెప్పుడో ఆమె నోటివెంట వస్తుంది. అది విన్నాక వెనక్కి తిరిగి ఆ చప్పుడు మళ్లీ వినండి. దయ్యం ఉందా లేదా అన్న ప్రశ్నే వెలవెలబోతుంది.

ఇక ఆ చెయ్యి. ఆడవాళ్లిద్దరూ ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. గది నిండా చీకటి. గోడ అవతల ఎవరో గొణుగుతున్నారు, మాటలు తెలియవు, ఆగవు. తర్వాత పసిపిల్ల ఏడుపు. ఎలినార్ థియొడోరా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది, వేళ్ల ఎముకలు తెలిసేంత గట్టిగా. ఆ చెయ్యి ఉంది కాబట్టే భరిస్తుంది. పిల్లను ఏడిపిస్తుంటే ఊరుకోనని ఊపిరి బిగించుకుని ఒక్క కేక వేస్తుంది. దీపం వెలుగుతుంది. తన మంచం మీద థియొడోరా అప్పుడే మేలుకుని లేచి కూర్చుంటోంది.

మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి?

ఈ ఘట్టం గురించి చాలామంది చాలా రాశారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించేది చెయ్యి ఎవరిదో తెలియనందుకు కాదు. ఆ చెయ్యి ఇచ్చిన ధైర్యం నిజమైనది అయినందుకు. ఎలినార్ బతుకులో ఇంకెవరూ ఆమె చెయ్యి అంతసేపు వదలకుండా పట్టుకున్నట్టు కథలో ఎక్కడా లేదు. ఊరట ఊరటగానే ఉంటూ భయంగా మారిపోతుంది, మధ్యలో కనిపించే గీత లేదు. రోమాంచం సాత్త్విక భావమని పుస్తకాల్లో చదివి బట్టీపట్టాం. అది చర్మం మీద ఎక్కడ మొదలవుతుందో నాకు ఈ పేజీ దగ్గర తెలిసింది. ముంజేతి లోపలి వైపు.

జాక్సన్ ఈ రెండు నవలలూ వర్మాంట్ రాష్ట్రంలోని నార్త్ బెన్నింగ్టన్ అనే చిన్న ఊళ్లో రాసింది. భర్త స్టాన్లీ హైమన్ అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. నలుగురు పిల్లలు, ఇంటినిండా పిల్లులు, అలమరలో మంత్రగత్తెల పుస్తకాలు. తన పిల్లల అల్లరి మీద 1953లో ‘లైఫ్ అమాంగ్ ద సావెజెస్’ అని కడుపుబ్బ నవ్వించే పుస్తకం వేసింది ఈవిడే. హిల్ హౌస్ రాయడానికి నమూనాగా ఫొటోల్లో ఇళ్లు వెతుకుతుంటే కాలిఫోర్నియాలోని ఒక ఇల్లు రోగిష్టి మొహంతో కనిపించిందట. దాని వివరం కనుక్కోమని అక్కడే ఉండే తల్లికి రాస్తే, ఆ ఇల్లు కట్టింది మన ముత్తాతే అని జవాబు వచ్చిందట. ఈ ముచ్చట ఆమే చెప్పుకుంది. కథకురాలు కదా, కొంచెం ఉప్పూకారం చల్లి ఉండొచ్చు. చల్లినా నాకభ్యంతరం లేదు. చివరి ఏళ్లలో కొన్నాళ్లు ఆమె గడప దాటి బయటికి రాలేకపోయింది, అదీ ఒక జబ్బే. 1965లో నలభై ఎనిమిదేళ్ల వయసులో నిద్రలోనే పోయింది.

మనవాళ్లు అడుగుతారు, యండమూరి ‘తులసిదళం’ చదివినవాళ్లకు ఇవి ఒక లెక్కా అని. ఆంధ్రభూమి వారపత్రిక కోసం ఎదురుచూసి, చదివాక దుప్పటి ముసుగేసిన తరానికి ఆ మాట అనే హక్కుంది. కానీ మన క్షుద్రనవలలో కీడుకు పంపినవాడి చిరునామా ఉంటుంది. పగబట్టినవాడు, డబ్బు తీసుకున్న మాంత్రికుడు, విరుగుడు. జాక్సన్ ఉత్తరాల మీద పంపినవారి పేరుండదు. విరుగుడు ఎవరి దగ్గరికని వెళ్లి అడగాలి?

మంత్రగత్తెల మాటా అంతే. నేనుండే చోటికి దగ్గర్లోనే సేలం ఉంది. అక్టోబరు వస్తే కోసుగా ఉన్న నల్లటోపీలు పెట్టుకున్న జనంతో వీధులు కిటకిటలాడతాయి. 1692లో అక్కడ పందొమ్మిది మందిని ఉరితీశారు, ఒక ముసలాయన్ని రాళ్లు పేర్చి నలిపి చంపారు. వాళ్లలో ఎవరికీ మంత్రాలు రావు. వాళ్ల మీద చెప్పినవాళ్లలో ఇరుగుపొరుగులే ఎక్కువ. మన పల్లెల్లో బాణామతి పేరు చెప్పి ముసలమ్మలను కొట్టి చంపిన వార్తలు చదివినవాళ్లకు సేలం దూరదేశంలా అనిపించదు. జాక్సన్ 1956లో పిల్లల కోసం ఆ సేలం చరిత్రే ఒక పుస్తకంగా రాసింది. ఆరేళ్ల తర్వాత ‘కాసిల్’ రాసింది. మంత్రగత్తె లేని మంత్రగత్తె కథ అది.

మెరికాట్‌కు పద్దెనిమిదేళ్లు. అక్క కాన్‌స్టన్స్, చక్రాల కుర్చీలో బాబాయి జూలియన్, జోనస్ అనే పిల్లి. మిగిలిన కుటుంబం ఆరేళ్ల కిందట ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గర పోయింది, పంచదార గిన్నెలో పాషాణం కలిసి. ఎవరు కలిపారో పుస్తకం అయ్యేలోగా మీకే తెలుస్తుంది, నేను చెప్పను. మెరికాట్ వెండి డాలర్లు ఏటి ఒడ్డున పాతిపెడుతుంది, పుస్తకాన్ని చెట్టుకు మేకుతో కొడుతుంది, మూడు రక్షామాటలు అనుకుని పైకి పలకకుండా దాచుకుంటుంది. ఇదంతా ఎవరికో కీడు చెయ్యడానికి కాదు, ఇల్లు కాచుకోవడానికి. నేల కింద సెల్లారులో ఆ బ్లాక్‌వుడ్ కుటుంబంలో తరతరాల ఆడవాళ్లు పట్టి దాచిన జాడీలు వరసగా ఉంటాయి, జాములూ ఊరగాయలూ. తినడానికి పనికిరావు, పారేయరు. ఆ అరల దగ్గర నాకు మా ఇంటి అటక వాసన తగులుతుంది. ఏ పేజీలో ఉన్నానో మర్చిపోతాను.

ఊరికి ఈ అక్కచెల్లెళ్లంటే పడదు. ఒక రాత్రి ఇల్లు అంటుకుంటే మంట ఆర్పినవాళ్లే తర్వాత రాళ్లు పట్టుకుంటారు, కిటికీలు పగులుతాయి, కప్పులు సాసర్లు పెంకులవుతాయి. తెల్లారాక ఇద్దరూ పైకప్పు లేని ఇంట్లో, వంటగదిలో బతకడం మొదలుపెడతారు. తీగలు గోడలెక్కుతాయి. ఊరు ఆ గుమ్మం ముందు గొంతు తగ్గించడం నేర్చుకుంటుంది. ఒక్కొక్కరే చీకటి పడ్డాక వచ్చి గడప మీద వంటకాలు పెట్టి పోతుంటారు, గిన్నె పగలగొట్టినందుకనో, కుర్చీ విరగ్గొట్టినందుకనో చీటీతో సహా. ఒక పిల్లవాడు తోటివాళ్ల పందెం మీద వాకిట్లోకొచ్చి అక్కచెల్లెళ్ల మీద ఊళ్లో పాడే పాత వెక్కిరింపు పాట పాడి పారిపోతాడు. ఆ రాత్రికే గడప మీద ఒక బుట్ట, అందులో తాజా గుడ్లు, పిల్లాడు తెలియక అన్నాడని ఒక చీటీ. అమ్మమ్మయితే ఆ గుడ్ల పక్కన ఇంత పసుపూ కుంకుమా కూడా పెట్టేది.