కోడింగు పరీక్షయందలి యవ్యాప్తి

లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూఁడు దోషములు గలవని తర్కమున మొదటి పాఠములలోనే బాలురు నేర్తురు. గోవునకుఁ గపిలవర్ణమే లక్షణమన్నచోఁ దెల్లని గోవు విడిచిపోవును, ఇది యవ్యాప్తి. శృంగములే లక్షణమన్నచో మహిషమును గోవగును, ఇది యతివ్యాప్తి. ఈ పాత పాఠమును నేఁటి సాఫ్టువేరు కొలువుల యింటర్వ్యూకు అన్వయించి చూచుటయే యీ వ్యాసమున నా యుద్దేశము. వైయాకరణునికి ఈ ప్రసంగ మేల యని చదువరు లడుగవచ్చును. కంప్యూటరు భాషల నియమములను వ్రాయు బేకస్ పద్ధతికిఁ బాణిని పేరును జేర్పవలయునని పీటర్ ఇంగర్మన్ 1967లోనే సూచించి యుండెను. కావున ఆ శాస్త్రము మనకుఁ బొత్తుగాఁ బరాయిది కాదు.

నాయొద్దఁ గౌముది చదివి, పిదపఁ గంప్యూటరు విద్య నేర్చిన శిష్యుఁడొకఁడు తన యనుభవమును నాకుఁ జెప్పెను. మొదట గడియారము నడచుచుండఁగా యంత్రమిచ్చిన ప్రశ్నలకుఁ బ్రోగ్రాములు వ్రాయవలెను. అందు నెగ్గినవారిని అపరిచితుఁడగు ఇంజనీరొకఁడు వీడియోలోఁ బరీక్షించును. నలువదియైదు నిమిషములలో సమస్యను సాధించుటయే కాక, మనసునఁ గలుగు ప్రతి తలఁపును బైకిఁ జెప్పుచుండవలెను. ఒక్కదినముననే యిట్టి యావృత్తులు నాలుగు జరిగినవఁట. తాను మాటాడుచుండఁగా ఆవల మీటలు నొక్కు చప్పుడు వినఁబడుచుండెననియు, తన తప్పే వ్రాయఁబడుచున్నదని తోఁచి యెఱిఁగినదియు మఱచితిననియు నాతఁడు చెప్పెను. పది దినములకు రెండు పంక్తుల తిరస్కారలేఖ వచ్చెను. “అయ్యవారూ! తప్పినందులకుఁ జింత లేదు, ఎక్కడఁ దప్పితినో తెలియలే”దని యాతఁడనెను.

అతఁడు రెండేండ్లు పారాయణము చేసిన గ్రంథము నా చేతికిచ్చెను. గేల్ లాక్‌మన్ మక్‌డవెల్ అను విదుషి రచించిన ‘క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ’ యది. 2008లో మొదట వెలువడి, 2015లో ఆఱవకూర్పు నొందినది. ఇందు 189 ప్రశ్నలు సమాధానములతోఁ గూడ నున్నవి. గ్రంథకర్త్రి గూగుల్ సంస్థయందు ఇంజనీరుగాఁ బనిచేసినది గావున విషయము నామెకుఁ గరతలామలకము. మొదట మందమైనను సరియగు మార్గమును జెప్పి, పిదప నందలి వ్యర్థమును, పునరుక్తిని దొలఁగింపవలయునని యామె యుపదేశించును. లాఘవమును మెచ్చు వైయాకరణులకు ఇది ప్రీతికరమే. శైలి ప్రసన్నము, క్రమము శ్లాఘ్యము.

అయినను ఆ గ్రంథారంభముననే యొక యంగీకారము గలదు. యోగ్యులు కొందఱు తప్పిపోయినను సంస్థలకు సమ్మతమే. అయోగ్యుఁడు లోనికి వచ్చుటయే వారికి భయమని దాని తాత్పర్యము. అనఁగా అతివ్యాప్తిని వారించుటకై యవ్యాప్తిని దెలిసియే సహింతురు. మాక్ యంత్రములపైఁ బ్రసిద్ధమైన ‘హోమ్‌బ్రూ’ను నిర్మించిన మాక్స్ హోవెల్, బైనరీ ట్రీ యను శాఖావృక్షమును వైట్‌బోర్డుపైఁ దలక్రిందులు చేయనందునఁ దన్ను గూగుల్ నిరాకరించినదని 2015లోఁ బ్రకటించెను. ఇది యొక పక్షపు మాటయే యైనను, అవ్యాప్తికి ఉదాహరణముగాఁ జాలునది.

పరిశోధనయు నీ శంకను బలపఱచుచున్నది. 2020లో నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయమువారు, మైక్రోసాఫ్టువారు కలసి 48 మంది విద్యార్థులను బరీక్షించిరి. కొందఱు పరీక్షకుఁడు చూచుచుండఁగాఁ, దక్కినవా రొంటిగదిలో సమస్యను సాధించిరి. చూచువాఁడున్నచో సామర్థ్యము సగమునకుఁ బైగాఁ దగ్గినది. స్త్రీలలో ఒంటిగదివా రందఱు నెగ్గఁగా, ఎదుటఁ బరీక్షింపఁబడినవా రొక్కరును నెగ్గలేదు. స్త్రీల సంఖ్య స్వల్పమగుటచే దీనిని సిద్ధాంతముగాఁ గొనరాదు, ఐనను ఉపేక్షింపరాదు.

ఇట పూర్వపక్షి, “అవధాని సభామధ్యమునఁ బృచ్ఛకులకు బెదరునా?” యని యడుగవచ్చును. అవధానమున ధైర్యధారణలే పరీక్ష్యవిషయములు. ప్రోగ్రాములు వ్రాయువాని నిత్యకృత్యము సభలో జరుగునది కాదు. పరీక్ష్యము కానిదానిని బరీక్షించి, పరీక్ష్యమైనదానియందు వాఁ డజ్ఞుఁడని నిర్ణయించుట హేత్వాభాసము. అయోగ్యుని జేర్చుకొన్న సంస్థకు నష్టము గలదనుట నిజమే. కాని యా భారమునంతయు విడువఁబడిన యోగ్యునిపై మోపుట న్యాయమా యని నా ప్రశ్న.

పాణినిసూత్రమున కెక్కడ వ్యాప్తి చాలదని తోఁచినదో యక్కడఁ గాత్యాయనుఁడు వార్తికము రచించి, యిదియుఁ జేర్పవలయునని చెప్పెను. అందువలన సూత్రకారుని గౌరవము తగ్గలేదు, శాస్త్రము నిలిచినది. ఈ పరీక్షకును రెండు వార్తికములు కావలయును. సమస్యను అభ్యర్థి మొదట నేకాంతమున సాధించి, పిదపఁ బరీక్షకునికి వివరించుట యొకటి. తప్పినవానికిఁ దప్పిన చోటును జెప్పుట రెండవది. న్యాయసూత్రములు ఇరువదిరెండు నిగ్రహస్థానములను బేర్కొన్నవి. వాదమున నోడినవాఁ డేస్థానమున నోడెనో యెఱిఁగియే సభనుండి లేచును. నా శిష్యునకు ఆ మాత్రపు మర్యాదయు దక్కలేదు.

ఇది వ్రాయుటకు నాకును గొంత సంకోచము గలదు. ఇరువదియేండ్ల క్రిందట నేనొక మౌఖికపరీక్షలోఁ బరీక్షకుఁడనై యుండఁగా, ఒక బాలుఁడు రూపసిద్ధిని జెప్పుచు నడుమ వణఁకి యాఁగిపోయెను. ఎఱుఁగఁడని తప్పించితిని. సాయంకాలమున నదే బాలుఁడు వసారాలోఁ దోడివానికి నా ప్రక్రియనే సూత్రక్రమము తప్పక వివరించుచుండఁగా వింటిని. అప్పటికి మార్కుల పట్టికను బంపివైచితిని. మరలఁ దెప్పించి దిద్దవచ్చును; పరీక్షకుని గౌరవమునకు లోపమని యూరకుంటిని. వానితోనైనను ఒక్కమాట చెప్పనైతిని.

ఆ గ్రంథమున యోగ్యులు తప్పిపోయినను సమ్మతమేయను మాటఁ జదివినపుడు నాకు ఆ వసారాయే కన్నులఁ గట్టినది. పరీక్షించు నధికారము గలవారు, అది కౌముదియైనను గోడింగైనను, ఈ రెండు వార్తికములను విచారింతురు గాక.