మేకు లేని మంచం

పాతకాలపు నులక మంచాన్ని ఎప్పుడైనా తిరగేసి చూడండి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. మేకు ఉండదు, జిగురు మరకా ఉండదు. పట్టె చివరను సన్నగా చెక్కి కుసి తీస్తారు, కోడుకు బెజ్జం తొలుస్తారు, కుసిని అందులో దిగ్గొడతారు. మరి విడిపోకుండా పట్టి ఉంచేదేమిటి? నులకే. అల్లిక పట్టెలన్నిటినీ లోపలికి లాగుతుంది. తలవైపు, కాళ్లవైపు పట్టెలు లోపలికి జరగబోతే పొడుగు పట్టెల కుసులు బెజ్జాల్లోకి ఇంకా ఒత్తుకుంటాయి. పక్కల నుంచి లాగితే పొట్టి పట్టెల సంగతీ అంతే. మనిషి కూర్చుంటే లాగుడు పెరుగుతుంది. వాడేకొద్దీ ఊగే కుర్చీలతో విసిగినవాళ్లకు, బరువు పడేకొద్దీ బిగిసే ఈ ఏర్పాటు ముచ్చటగా అనిపించక మానదు.

ఇంట్లో వడ్రంగం నేర్చుకోవాలనుకునేవారు చాలామంది సొరుగుల బల్లతో మొదలుపెట్టి సగంలో వదిలేస్తారు. నన్నడిగితే మంచం చేయమంటాను, చోటు లేకపోతే నులక అల్లిన పీట. రంపం, చిత్రిక, రెండు ఉలులు, కొయ్యసుత్తి, మూలమట్టం, సానరాయి చాలు. అపార్టుమెంటులో ఉంటే కిందింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పుకోవాలి.

బెజ్జం ముందు, కుసి తర్వాత. బెజ్జం వెడల్పును మన ఉలి వెడల్పే నిర్ణయిస్తుంది; తొలిచాక దాన్ని తగ్గించలేం. కుసినైతే పొర పొరగా చెక్కి సరిపెట్టుకోవచ్చు. సమాన మందమున్న రెండు చెక్కల్ని కలిపేటప్పుడు కుసి మందం సుమారు మూడో వంతు ఉండాలన్నది పాత లెక్క. లావుపాటి మంచం కోడులోనైతే ఇంకాస్త మందంగా ఉంచినా పరవాలేదు. గీతలు పెన్సిలుతో కాక కత్తి మొనతో గీయాలి, ఉలి ఆ గాటులోనే కూర్చుంటుంది. కుసి చేత్తో నొక్కితే సగం దాకా వెళ్లి, మిగతా సగం సుత్తి దెబ్బలకు దిగాలి. మొదటినుంచీ బాదాల్సి వచ్చిందంటే కోడు చీలుతుంది. ఒకే కోడులో రెండు బెజ్జాలు ఎదురుపడకుండా ఒక పట్టెను కాస్త పైకి పెట్టడమో, కుసుల్ని సగం సగం కోసి సర్దడమో చేయాలి. ఇంత చేసినా, కుసి మొదట్లో ఉండే మెట్టు మూలమట్టానికి సరిగ్గా రాకపోతే మంచం కుంటుతుంది. చాలామంది కుసి నునుపు మీద పెట్టే శ్రద్ధ నిజానికి ఈ మెట్టు మీద పెట్టాలి.

ఈ అతుకు ఎంత పాతదంటే, జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర బయటపడ్డ సుమారు 7000 ఏళ్ల నాటి ఓక్ బావి చట్రాల్లోనూ ఉంది. అప్పటికి అక్కడ లోహపు పనిముట్లు లేవు, రాతి బాడిసలే.

చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం మారుతూనే ఉంటుంది. వానాకాలంలో ఉబ్బుతుంది, మే నెలలో కుంచించుకుపోతుంది. కదలకుండా నాలుగు మూలలా మేకులు కొట్టిన వెడల్పాటి పలక ఎప్పుడో ఒకప్పుడు పగలడం ఇందుకే. పాత తలుపుల్లో పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదిలేసేవారు, దాని కదలిక దానిది. మంచంలోనూ కుసి కాస్త కుంచించుకుపోతే నులక లాగుడు ఆ సందును సర్దుతుంది. పట్టె విరిగితే అల్లిక విప్పి ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. పొట్టు అట్ట బీరువాలో స్క్రూ రంధ్రం ఒకసారి వదులైతే మళ్లీ అక్కడ స్క్రూ పట్టదు.

కొత్త అల్లిక కొన్నాళ్లకు సాగుతుంది, అప్పుడు కోళ్లు కదలడం మొదలవుతుంది. వెంటనే సుత్తి పట్టుకోకండి. కాళ్లవైపు విడిగా వదిలిన తాడును ఒక్కో వరసా లాగి బిగించి, ఆ తర్వాత కోడును ఊపి చూడండి.