గింజల నూనెతో విమానయానము

2018 ఆగస్టు 27వ తేదీన డెహ్రాడూన్ నుండి ఢిల్లీకి ఒక స్పైస్‌జెట్ విమానము ఎగిరినది. దాని ఇంధనములో నూటికి 25 పాళ్లు అడవి ఆముదపు (జట్రోఫా) గింజల నూనె నుండి తీసినది. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ దానిని తయారు చేసినది. ఇట్టి వార్తలు చదివిన విద్యార్థులు, ఇక విమానములకు పెట్రోలియముతో పని తీరినదని తలచుట సహజము. ఈ అభిప్రాయము ఎంతవరకు సమంజసము?

ముందుగా రసాయన విషయము చూతము. విమాన ఇంధనము సున్నకు దిగువ 47 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గడ్డకట్టరాదు. నూనెకు ఆ గుణము లేదు. కావున ఉత్ప్రేరకము సహాయమున, అధిక పీడనములో, దానిని హైడ్రోజనుతో కలిపి ఆక్సిజనును తొలగింతురు. మిగిలిన పొడవైన కర్బన గొలుసులు పెట్టెలోని అగ్గిపుల్లలవలె ఒకదానిప్రక్క నొకటి చేరి సులభముగా గడ్డకట్టును. అందుచే వానిని తుంచి, కొమ్మలు కలవానిగా మార్తురు. అప్పుడది కిరోసిను వంటి ద్రవమగును. దీనిని సగము వరకు కలుపుటకు 2011లోనే అంగీకారము లభించినది. ఇంతవరకు లోపమేమియు లేదు.

లోపము పొలములో కలదు. అడవి ఆముదము నీరు లేని బంజరులోను పెరుగునని విస్తారముగా ప్రచారము జరిగినది. కాని మొక్క బ్రతుకుట వేరు, కాచుట వేరు. హెక్టారుకు, అనగా రెండున్నర ఎకరములకు, ఏటా ఒక టన్ను గింజలు పండినవనుకొందము. నూటికి 35 పాళ్ల చొప్పున 350 కిలోల నూనె వచ్చును. మధ్యరకపు జెట్ విమానము గంటకు సుమారు 2,500 కిలోల ఇంధనము కాల్చును. నూనె అంతయు ఇంధనమైనదనుకొన్నను, ఒక గంట ప్రయాణమునకు ఏడు హెక్టారుల ఏడాది పంట చాలదు!

డీజిలు విషయములోను ఇదే అనుభవము. 2017 నాటికి నూటికి 20 పాళ్లు జీవ ఇంధనము కలుపవలెనని 2009 జాతీయ విధానము ఆశించినది; అది నెరవేరలేదు. 2018 విధానము బయోడీజిలుకు 2030 నాటికి 5 పాళ్లతోనే సరిపెట్టుకొన్నది. పైగా హైడ్రోజను నేటికిని ఎక్కువగా సహజవాయువు నుండియే వచ్చుచున్నది. ఆ బొగ్గుపులుసు వాయువును కూడ లెక్కలో చేర్చవలెను.

ఈ పద్ధతి వ్యర్థమని దీని భావము కాదు. వాడిన వంటనూనెను కూడ ఇట్లే మార్చవచ్చును; దానికి వేరుగా భూమి అక్కరలేదు. ఇంజను నడచినదా అనునది మొదటి ప్రశ్న మాత్రమే. ఎన్ని ఎకరములు, ఎంత నీరు, హైడ్రోజను ఎక్కడిది అను ప్రశ్నలను కూడ ఉపాధ్యాయులు తరగతిలో వేయించి, లెక్క కట్టించవలెను.