జడలో మల్లె, సీసాలో మల్లె

గుండుమల్లె మొగ్గను ఎండ ముదరకముందే కోయాలి. పూలజడ కుట్టే ఆవిడ చేతుల్ని ఎప్పుడైనా గమనించారా? సూది కాడలోంచి దూరాలి, రేకు చీలకూడదు. నడుమ నడుమ మరువం, అక్కడక్కడ కనకాంబరం, కొన్ని ఇళ్లల్లో మొగలి రేకు. మధ్యాహ్నం బిగుతుగా, తెల్లగా ఉన్న జడ దీపాలు పెట్టేవేళకు ఉబ్బి గదంతా గుబాళిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి రావలసిన వాసనను పగలు రెండింటికే లెక్కగట్టి కుడుతుంది ఆ తల్లి! అత్తరు సీసాల మీద పేరేసుకునే ఏ విదేశీ నిపుణుడికి తీసిపోతుంది? వెనక అద్దం పెట్టి జడ కనపడేలా తీయించిన ఆడపిల్లల ఫొటోలు మన ఇళ్లల్లో ఎన్నో. ఆ ఫొటో చూస్తే గుర్తొచ్చేది ఒక ఎత్తు, మల్లెల వాసన తగిలితే గుర్తొచ్చేది ఒక ఎత్తు.

అందుకు కారణముంది. చూపూ వినికిడీ థాలమస్ అనే మజిలీ దాటి మెదడు పైపొరకు చేరతాయి. వాసనకు ఆ మజిలీతో పనిలేదు. ఉద్వేగాలు పుట్టే అమిగ్డాలాకూ, జ్ఞాపకాలు అల్లుకునే హిప్పోక్యాంపస్‌కూ దగ్గరి దారిలో వెళ్లిపోతుంది. వాసనల్ని పట్టే గ్రాహకాల గుట్టును రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ 1991లో విప్పారు, 2004లో నోబెల్ అందుకున్నారు. వాసన లేపే జ్ఞాపకాలు ఎక్కువగా మొదటి పదేళ్లవేనని పరిశోధకులంటారు. పసిబిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేసే మన అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరు చెప్పారో!

ఆకర్షణ మాటకొస్తే, 1995లో స్విట్జర్లాండ్‌లో క్లాస్ వెడెకిండ్ మగవాళ్లు రెండు రాత్రులు తొడుక్కున్న బనియన్లను ఆడవాళ్లచేత వాసన చూపించాడు. రోగనిరోధక జన్యువులు తమకు భిన్నంగా ఉన్నవారి వాసనే వారికి నచ్చిందట. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని దీన్ని సమర్థించాయి, కొన్ని సమర్థించలేదు. ఆకర్షణలో కాస్త కంపూ కలిసి ఉంటుందనడానికి నాకైతే మల్లెపువ్వే పెద్ద సాక్ష్యం. అందులో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. మోతాదు మించితే కంపే. ఆ పిసరంత మురుగు లేకపోతే మల్లెకు మత్తే లేదు.

సుగంధాలకు మా వైపు చరిత్రా ఉంది. మా విజయపురి సౌత్‌లో నాగార్జునకొండకు లాంచీ ఎక్కేవాళ్లు అక్కడి శిల్పాల గురించి అడుగుతారు. ఇదే పల్నాడు జిల్లాలో ఉన్న కొండవీడు గురించి అడిగేవాళ్లు తక్కువ. 14వ శతాబ్దం చివర అక్కడి రాజు కుమారగిరి రెడ్డి ఏటా వసంతోత్సవం జరిపి, కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయడయ్యాడు. ఆ సుగంధాలన్నీ సమకూర్చింది అవచి తిప్పయ్య సెట్టి. సముద్రం అవతలి పంజారం నుంచి కర్పూరం, గోవా నుంచి జవ్వాది తెప్పించిన ఆ వర్తకుడికే శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చాడు. అత్తరుకు పేరుమోసిన కన్నౌజ్‌కు నమస్కారమే, కానీ వసంతాన్ని ఊరంతటికీ వెదజల్లిన ఘనత మా కొండవీటిదే.

గంధం తీయడం ఇంకో విద్య. సానరాయి మీద చెక్కను నింపాదిగా, నీరు చిలకరిస్తూ తిప్పాలి. తొందరపడితే గంధం గరుకుగా వస్తుంది. సింహాచలంలో అప్పన్న స్వామికి అక్షయ తృతీయ మొదలు నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల చొప్పున గంధం సమర్పిస్తారు. అదంతా చేత్తో అరగదీసిందే! వరాహమిహిరుడి ‘బృహత్సంహిత’లో 16 ద్రవ్యాల్లోంచి నాలుగేసి కలిపితే 1,820 కూర్పులని లెక్క కట్టి ఉంది. గంధయుక్తి 64 కళల్లో ఒకటని ఊరికే అన్నారా?

ఇప్పుడు చూడండి. పెళ్లి పందిట్లో గంధం గిన్నెలో రంగేసిన చెక్కపొడి. ‘మల్లె’ అగరుబత్తి వెలిగిస్తే బెంజైల్ ఎసిటేట్ ఘాటు, మల్లె మచ్చుకైనా ఉండదు. కారులో, హోటల్ గదిలో, పూజగదిలో, బాత్రూములో ఒకే స్ప్రే. ఇది వట్టి కల్తీ కాదు, దోపిడీ. ముక్కు ఒక వాసనకు మొదట ముడిపెట్టిన ఘటనను గట్టిగా పట్టుకుంటుంది. సంపెంగ సంపెంగ కాలంలోనే వచ్చేది గనుక ఆ ఏటి పెళ్లి ఆ వాసనలో నిలిచిపోయేది. మల్లెపువ్వు సాయంత్రం ఒకలా, తెల్లవారి వాడాక ఒకలా ఉండేది గనుక రాత్రంతా గుర్తుండేది. పన్నెండు నెలలూ, ఇరవైనాలుగు గంటలూ మారని వాసన ఏ రోజును పట్టుకుంటుంది? ఇప్పటి పిల్లలకు రేపు ఏ వాసన తగిలితే అమ్మ గుర్తొస్తుంది, చెప్పండి! కడుపు మండుతుంది.

కొండవీడు కోటకు మరమ్మతులు చేయించే పెద్దలకు ఒక్క మనవి. గోడలతోపాటు ఒక తోట కూడా వేయండి. మొగలి, సంపెంగ, దవనం, మరువం నాటండి. చైత్రమాసంలో గంధం అరగదీసేవాళ్లనూ, పూలజడ కుట్టేవాళ్లనూ పిలిచి మంచి కూలి ఇచ్చి కూర్చోబెట్టండి. కూలి దగ్గర మాత్రం బేరాలాడకండి. మొగ్గ చీలకుండా కుట్టే చేతులు ప్రతి ఊళ్లోనూ తగ్గిపోతున్నాయి.