పిక్సెల్ వెనక పొదుపు

ద కింద చిన్న గీత పడితే ధ అవుతుంది. ప కింద అదే గీత పడితే ఫ. అక్షరం చిన్నదైనప్పుడు ఆ గీతకు తెర మీద రెండు మూడు చుక్కల చోటైనా దక్కకపోతే, చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. ఒత్తులు, గుడులు, కొమ్ములు నిండిన మన లిపికి తెర సన్నదనం సోకు కాదు, అవసరం. అంగుళానికి 460 పిక్సెళ్లున్న ఫోన్‌లో ఒక పిక్సెల్ వెడల్పు సుమారు 55 మైక్రాన్లు, తలవెంట్రుక మందం కన్నా తక్కువ. ఓఎల్‌ఈడీ తెరలో ఆ జాగాలోనే రంగు రంగుకూ ఒక సర్క్యూట్ ఇమడాలి. ప్రకటనల్లో వెలుగు గురించీ రంగుల గురించీ ఎంతో చెబుతారు, ఈ సర్క్యూట్ ఊసెత్తరు. నా దృష్టిలో అసలు పనితనమంతా అక్కడే ఉంది.

అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థలో పీటర్ బ్రోడీ బృందం రూపొందించిన ఆరంగుళాల ఎల్‌సీడీ పలక వివరాలు 1973లో అచ్చయ్యాయి. అంగుళానికి 20 గీతలు, ప్రతి చుక్క వెనకా ఒక ట్రాన్సిస్టర్. ఎల్‌సీడీకి అది చాలు. అక్కడ వెలుగు వెనకనున్న దీపానిది, పిక్సెల్ వోల్టేజీని నిలిపి ఉంచితే సరిపోతుంది. ఓఎల్‌ఈడీ అలా కాదు. తానే వెలుగుతుంది కాబట్టి దానికి ఆగకుండా కరెంటు అందాలి. అందుకు కనీసం రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్ కావాలి. మొదటి ట్రాన్సిస్టర్ డేటాను లోపలికి రానిస్తుంది, కెపాసిటర్ దాన్ని పట్టి ఉంచుతుంది, రెండోది, అంటే డ్రైవింగ్ ట్రాన్సిస్టర్, ఆ వోల్టేజీకి తగిన కరెంటును పంపుతుంది. దీన్నే 2టీ1సీ అంటారు.

కాగితం మీద ఇంతకన్నా పొందికైన సర్క్యూట్ లేదు. గాజు మీదకి వచ్చేసరికి కథ మారుతుంది. ఫోన్ తెరల్లో సిలికాన్ పొరను లేజర్‌తో క్షణంలో కరిగించి స్ఫటికాలుగా మారుస్తారు. ఆ స్ఫటికాల సరిహద్దులు ఎక్కడ పడతాయో మన చేతిలో ఉండదు. దాంతో ఏ రెండు ట్రాన్సిస్టర్ల థ్రెషోల్డ్ వోల్టేజీ, అంటే అవి తెరుచుకోవడం మొదలుపెట్టే వోల్టేజీ, అచ్చంగా ఒకటిగా ఉండదు. కరెంటేమో ఆ హద్దు దాటాక మిగిలే వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మిగిలేది 1 వోల్టు అనుకుందాం. 0.1 వోల్టు తేడా వస్తే కరెంటు 21 శాతం పెరుగుతుంది. పక్కపక్క చుక్కల మధ్య అందులో పదో వంతు తేడా ఉన్నా బూడిదరంగు తెర మీద మరకల్లా కనబడుతుంది.

ఈ తేడాకు మందు కూడా పిక్సెల్‌లోనే పెట్టాలన్న ఆలోచనతో 1998లో సార్నాఫ్ సంస్థకు చెందిన డాసన్ బృందం నాలుగు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్‌ను ప్రకటించింది. ఇవాళ ఫోన్లలో ఎక్కువగా కనిపించేది ఏడు ట్రాన్సిస్టర్లది. దాని పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. ముందు డ్రైవింగ్ ట్రాన్సిస్టర్ గేటు, అంటే దాన్ని తెరిచే కొస, మీది పాత వోల్టేజీని తుడిచేస్తుంది. తర్వాత ఆ గేటునూ, కరెంటు బయటికొచ్చే డ్రెయిన్‌నూ కలిపి, డేటాను కరెంటు లోపలికొచ్చే సోర్స్ వైపు నుంచి పంపుతుంది. గేటు వోల్టేజీ ఎదుగుతూ ఎదుగుతూ, డేటాకు సరిగ్గా థ్రెషోల్డ్ అంత తక్కువలో దానంతటదే ఆగిపోతుంది. అంటే ట్రాన్సిస్టర్ తన లోపాన్ని తానే కొలిచి కెపాసిటర్‌లో రాసుకుందన్నమాట. వెలిగే వేళకు ఆ లోపం లెక్కలోంచి కొట్టుకుపోతుంది. 2400 వరసల తెర సెకనుకు 120 సార్లు మారాలంటే, ఇలా కొలిచి రాసుకోవడానికి ఒక్కో వరసకు దక్కేది మూడున్నర మైక్రోసెకన్లే.

ఏడింటికి చోటెక్కడిది? ఇక్కడే లేఅవుట్ వేసేవాళ్ల చెయ్యి తెలుస్తుంది. డ్రైవింగ్ ట్రాన్సిస్టర్ ఛానెల్ పొడవుగా ఉండాలి, లేకపోతే ఓఎల్‌ఈడీకి కావలసిన అతి చిన్న కరెంటును మెట్టుమెట్టుగా దిద్దడం కష్టం. తిన్నగా గీస్తే పిక్సెల్ దాటిపోతుంది కనుక దాన్ని మెలికలు తిప్పుతారు. దాని మీద పరిచే గేటు లోహాన్నే కెపాసిటర్ కింది పలకగా వాడుకుని, పై పలకను దాని మీదే పేరుస్తారు. అన్నిటికన్నా ఎక్కువ చోటు తినే రెండు భాగాలు ఒకే జాగాలో సర్దుకుంటాయి. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే మిగతా ఉపాయాలేవీ గట్టెక్కించేవి కావని నా నమ్మకం. ఇంకా పక్క పిక్సెల్‌ను అద్దంలో బొమ్మలా తిప్పి గీసి, రెంటికీ ఒకే సరఫరా తీగ ఇస్తారు. తుడిచే పనికి వేరే తీగ లాగకుండా ముందు వరసను తెరిచే స్కాన్ సంకేతాన్నే వాడుకుంటారు. పెన్‌టైల్ అమరికలో ఎరుపు, నీలం సగానికి తగ్గించి పిక్సెల్‌కు మూడు బదులు రెండు సర్క్యూట్లతో నెట్టుకొస్తారు. సన్నటి అక్షరాల అంచుల్లో ఆ లోటు తెలుస్తుంది. నా మట్టుకు అది ఇష్టమైన బేరం కాదు.

టీవీలది వేరే దారి. ఎల్‌జీ ఓఎల్‌ఈడీ టీవీల్లో ఒక్కో రంగు సర్క్యూట్‌కు మూడే ట్రాన్సిస్టర్లు. మూడోది లోపాన్ని బయటికి చేరవేస్తుంది, దిద్దుబాటు బయటి చిప్ చేస్తుంది.

కళ్లజోడు తెరల్లో సమస్య తలకిందులైంది. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రోలో పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు దూరం 7.5 మైక్రాన్లు. ఇక గాజు పనికిరాదు, సర్క్యూట్‌ను నేరుగా సిలికాన్ పలక మీదే కట్టాలి. ఏకస్ఫటికం కాబట్టి ట్రాన్సిస్టర్లు చాలా మెరుగ్గా పనిచేస్తాయి, చిక్కంతా ఆ మెరుగుతోనే. అంత చిన్న చుక్కకు కావలసింది నానోయాంపియర్ల కరెంటు. అంత తక్కువ రాబట్టాలంటే థ్రెషోల్డ్‌కు దిగువన నడపాలి. అక్కడ 0.01 వోల్టు తేడాకే కరెంటు పావు వంతుకు మించి మారిపోతుంది. అందుకని చాలామంది కరెంటును వదిలేసి, సోర్స్ ఫాలోయర్ పద్ధతిలో ఓఎల్‌ఈడీ మీది వోల్టేజీనే అదుపు చేస్తారు. ఓఎల్‌ఈడీకేమో ఎన్నో వోల్టులు కావాలి, బుల్లి ట్రాన్సిస్టర్లు అంత తట్టుకోలేవు. కనుక అన్ని పిక్సెళ్లకూ ఉమ్మడిగా ఉన్న కాథోడ్‌ను, అంటే ఓఎల్‌ఈడీ రుణ ధ్రువాన్ని, సున్నా కన్నా కిందికి దించుతారు. వోల్టేజీలో పెద్ద భాగాన్ని కాథోడ్ మోస్తుంది, వెలుగును తగ్గించి పెంచే కొద్దిపాటి వోల్టులు మాత్రం ట్రాన్సిస్టర్ చూసుకుంటుంది.