అంచును కొలిచిన విదుషి

ఎవరును చూడని క్రొత్త వస్తువును కనుగొనుటకంటె, తెలిసినదే కదా యని అందరును విడిచిన సంగతిని ఓపికతో కొలిచిచూచుటయే ఖగోళవిద్యలో ఉత్తమమైన అభ్యాసమని నా నమ్మకము; అమెరికాలో వెరా రూబిన్ అను విదుషి సర్పిల గెలాక్సీల భ్రమణమును కొలిచిన వృత్తాంతమే ఆ నమ్మకమునకు మూలము.

సౌరకుటుంబమున బుధుడు సెకనుకు 47 కిలోమీటర్ల చొప్పున పరుగిడుచుండగా, అతిదూరమున నున్న నెప్ట్యూన్ 5 కిలోమీటర్లకు కొంచెము మించిన వేగముతో నడచుచున్నది; ద్రవ్యము దాదాపుగా అంతయు నడుమనున్న సూర్యునియందే కూడియుండుటచే దూరము పెరిగినకొలది వేగము తగ్గును. గెలాక్సీలోను వెలుగు నడుమనే దట్టమై, అంచులకు పోనుపోను పలుచనై కానవచ్చుటచే, ద్రవ్యమును అట్లే అమరియుండుననియు, అంచులనున్న తారలు మందగమనములై యుండుననియు పండితులు తలంచిరి.

ఆ అంచులనే రూబిన్ కొలువబూనెను. వాషింగ్టన్ నగరమందలి కార్నెగీ సంస్థలో ఆమె సహచరుడైన కెంట్ ఫోర్డ్, మందకాంతిని ఇనుమడింపజేయు ఇమేజ్ ట్యూబును అమర్చి నిర్మించిన వర్ణపటలేఖినిని ఇరువురును అరిజోనా రాష్ట్రమునకు కొనిపోయి, లోవెల్, కిట్ పీక్ వేధశాలల దూరదర్శినులకు తగిలించి, దేవయాని యని మనము పిలుచు ఆండ్రోమెడా గెలాక్సీలోని 67 ఉజ్జ్వల వాయుమేఘముల వర్ణపటములను ఒక్కొక్కటిగా గ్రహించిరి. మనవైపు వచ్చు మేఘపు వర్ణరేఖ నీలిదిక్కునకును, తొలగిపోవు దానిది ఎఱుపుదిక్కునకును జరుగును. సెకనుకు 300 కిలోమీటర్ల వేగమునకు సైతము ఆ జరుగుబాటు తరంగదైర్ఘ్యమున వేయింట ఒక వంతు. ఫోటోఫలకముపై ఆ వెంట్రుకవాసి భేదమును సూక్ష్మదర్శినిలో చూచి గుణించుటయే ఈ విద్యలోని కష్టము, నా దృష్టిలో దాని సౌందర్యమును.

1970లో వెలువడిన ఫలితమున అంచుల వేగము ఊహించినట్లు సన్నగిల్లలేదు. ఒక్క గెలాక్సీతో తృప్తిపడక, 1980 నాటికి మఱి 21 సర్పిల గెలాక్సీలను కొలువగా, అంచువఱకును వేగము నిలుకడగా నుండుటయో, కొంచెము పెరుగుటయో కానవచ్చెను. అంత వేగమును అదుపున నిలుపుటకు కానవచ్చు ద్రవ్యము చాలదు గనుక, కంటికి కానరాని ద్రవ్యము గెలాక్సీలను ఆవరించియున్నదన్న అభిప్రాయమునకు ఇది బలమైన ఆధారమయ్యెను. అరువదేండ్లు దాటిన పిదపను ఆమె కొలుచుట మానలేదు. కన్యారాశి గుచ్ఛమందలి ఎన్‌జీసీ 4550 అను గెలాక్సీలో తారలు సగము ఒక దిక్కునకును, సగము ఎదురుదిక్కునకును తిరుగుచున్నవని 1992లో ఆమెయు సహచరులును ప్రకటించిరి.

నోబెల్ బహుమానము లభింపకయే 2016లో ఆమె కన్నుమూసెను. అదృశ్యద్రవ్యము కలదనువారును, అది లేదు, గురుత్వసూత్రమునే సవరింపవలెననువారును నేటికిని వాదించుకొనుచున్నారు. అయినను ఆ ఇరుపక్షములును తమ వాదమునకు ఆధారముగా చూపునది గెలాక్సీల అంచున తగ్గని ఆ వేగమునే. కొలిచినవారికి అంతకు మించిన సత్కారము వేఱొకటి కలదని నేననుకొనను.